నాలుగు వారాల నిబంధన

నాతో పనిచేసే మైదేయి కూతురు రూడోకి సర్కారు ఇచ్చే వికలాంగుల భత్యం ఆపేశామని ఉత్తరం వచ్చినప్పుడు నేను వాళ్ల వంటింట్లోనే ఉన్నాను. రూడోకి పద్నాలుగేళ్లు. నడుము కింద చలనం లేదు. చక్రాల కుర్చీతో సహా ఎక్కించే కారు ఆ భత్యం మీదే అద్దెకి వచ్చింది. కారు పోతే పిల్ల బడి పోతుంది.

మైదేయి చేసిన నేరమల్లా తల్లిని పాతిపెట్టడానికి మా జింబాబ్వే వెళ్లడం. మట్టి వేసి వచ్చేస్తే బతికిపోయేది. మాలో ఓదార్పు ప్రార్థన అయితేగాని బిడ్డలు కదలరు, పెద్ద కొడుకు రానిదే ఆ ప్రార్థన జరగదు. మైదేయి పెద్దన్నకి దక్షిణాఫ్రికా గనిలో సెలవు దొరికేసరికి ఆరు వారాలైంది. ఈలోపు ఇక్కడ ఇంగ్లండ్‌లో వలస చట్టం మారింది. దాని తోక పట్టుకుని భత్యాల నిబంధన కూడా మారింది. మావంటి వాళ్లెవరైనా నాలుగు వారాలు దాటి దేశం బయట ఉంటే, పన్నెండేళ్ల నివాసమైనా సున్నా నుంచి మొదలవుతుంది. తల్లి నివాసం పోతే పిల్ల భత్యమూ పోతుంది.

మేముండే లెస్టర్ ఊళ్లో చర్చి హాల్లో సమావేశం పెట్టుకున్నాం. అందరం వృద్ధాశ్రమాల్లో పనిచేసేవాళ్లమే. మాలో పెద్దది సెకాయి అక్క లేచింది.

"ఈ నిబంధనల్ని విడిగా పరిశీలించే సంఘం ఒకటుందట. ప్రభుత్వం మాట వినక్కర్లేదట వాళ్లు."

"మరి చూడలేదా ముందు?"

"అత్యవసరమని మంత్రి ముందు అమలు చేసేశాడు. చూడటం తర్వాతట."

"తర్వాత చూసి ఏం పీకుతారక్కా?"

"అదే అడుగుదాం పదండి."

సంఘం వాళ్లు ఒక్కరినే రమ్మన్నారు. నలభై మందిమి వెళ్లాం, డ్యూటీ యూనిఫాంలోనే. అధ్యక్షురాలు నెరిసిన జుట్టావిడ, మర్యాదస్తురాలు. మైదేయి చెప్పిందంతా రాసుకుంది. చివర్లో, "మాకున్నది సలహా చెప్పే అధికారమే," అంది.

సెకాయి అక్క ఊరుకోలేదు. "అమ్మగారూ, మేం మీ ముసలాళ్లకి స్నానాలు చేయిస్తాం. ముందు నీళ్లలో చెయ్యి పెట్టి చూస్తాం, ఆ తర్వాతే మనిషిని దింపుతాం. మీ మంత్రి మనిషిని ముంచేసి, ఇప్పుడు మిమ్మల్ని చెయ్యి పెట్టి చూడమంటున్నాడు. కాలుతున్నాయా లేదా? అదొక్కటీ రాయండి చాలు."

నిజం చెప్పాలి, ఆవిడ రాసింది కూడా. ఈ నిబంధన అన్యాయం, వెనక్కి తీసుకోండి అని సంఘం నివేదిక ఇచ్చింది. మంత్రి సంఘానికి ధన్యవాదాలు చెప్పి, నిబంధన మారదన్నాడు. ఆ ధన్యవాదాల్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

గురువారం కారు తీసుకుపోతారని కబురొచ్చింది. మళ్లీ హాల్లో చేరాం. ఈసారి గొడవ మాలో మాకే.

"అడ్డంగా కూర్చుంటే అరెస్టు చేస్తారు. నా వీసా యజమాని చేతిలో ఉంది," అన్నాను నేను.

"పిరికిదానా!" అంది ఎవరో.

"నోర్ముయ్," అంది సెకాయి అక్క. "దాని భయం దానిది. పౌరసత్వం వచ్చినవాళ్లం కారు చుట్టూ కూర్చుంటాం. మిగతావాళ్లు రోడ్డవతల నిలబడి పాడండి. మైదేయీ, నువ్వూ అవతలే."

గురువారం పొద్దున లారీ వచ్చింది, వెనకే పోలీసులు. తొమ్మిది మంది కూర్చున్నారు. మేం పాడుతూనే ఉన్నాం. ఒక్కొక్కరినీ చంకల కింద చేతులేసి లేపి వ్యానెక్కించారు. యాభై ఎనిమిదేళ్ల సెకాయి అక్క చేతులు వెనక్కి విరిచారు. పిల్ల రూడో కిటికీలోంచి చూస్తోంది. లారీ కారు దగ్గరికి రివర్స్ చేసుకుంటోంది.

మైదేయి పాట ఆపింది. రోడ్డు దాటి వెళ్లి లారీ వెనక చక్రానికి అడ్డంగా కూర్చుంది.

"మీరు ఇందాకట్నుంచీ అవతలే ఉన్నారు కదా," అన్నాడు పోలీసు, విసుగ్గా.

"మా అమ్మ దగ్గర ఉన్నందుకు అన్నీ పోయాయి," అంది మైదేయి. "నా కూతురి దగ్గర ఉన్నందుకు ఇంకేం తీసుకుంటారో తీసుకోండి."

దాచుకోవడానికేముంది, ఏడుపొచ్చింది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూశాను, అందరూ దాటి వచ్చి మా పక్కనే కూర్చుంటున్నారు, రోడ్డవతల ఎవరూ మిగల్లేదు.