మంత్రికి తుపాకీ

మా బాండుంగ్ ఊళ్లో మంత్రి అంటే రాజ్యాలేలే పెద్దమనిషి కాదు, పేటలో సూదిమందు వేసే కాంపౌండరు. నేను నాలుగు నెలలు కూర్చుని తయారుచేసిన పాత్రకు ఆ పేరే పెట్టాను. ఐదుగురు ఒక జట్టు, ఐదుగురు ఇంకో జట్టుగా కాల్చుకునే కంప్యూటర్ ఆట మాది. మిగతా నాలుగు పాత్రలూ మావాళ్లు తలా ఒకటి కల్పించారు. నాదంటూ ఉన్నది మంత్రి ఒక్కడే. వాణ్ణి తీసేస్తారేమోనని ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

మా కంపెనీ పెద్ద కాంగ్ గుమిలార్. కాంగ్ అంటే అన్న. వయసులో నాకంటే రెండేళ్లే పెద్ద, పెత్తనంలో ఇరవై ఏళ్లు. ఒక్కో పాత్రకు ఒక్కో అట్ట ఉండాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. ఆ పాత్ర చేయగలిగినవన్నీ నల్ల సిరాతో ఎన్నయినా రాసుకోవచ్చు. అడుగున మాత్రం ఎర్ర సిరాతో చేతకానిది ఒక్కటి రాయాలి. గోడ అనే బండవాడు పరుగెత్తలేడు. గద్ద అనే గురికత్తె దగ్గరికొచ్చినవాణ్ణి కొట్టలేదు. ఎర్రమాట లేని అట్టను కాంగ్ ముట్టుకోడు. మనకు చేతకానిదేదో తెలిస్తేనే పక్కవాడి అవసరం తెలుస్తుందట, ఆ అవసరం లేకపోతే అది జట్టు కాదు సంతట. నా మంత్రికి ఉన్నది కట్లు కట్టే సంచీ ఒక్కటే. వాడి అట్టమీద ఎర్రగా "చంపలేడు" అని రాశాను.

ప్రతి శుక్రవారం నమాజూ భోజనాలూ అయ్యాక అందరం కూర్చుని ఆడి చూస్తాం. వరసగా మూడు వారాలు ఎవరూ ఎంచుకోని పాత్ర అట్ట చింపేస్తారు. మంత్రికి అప్పటికి రెండు వారాలుగా సున్నా.

మేం తొమ్మిదిమందిమి. పదో కుర్చీలో మాకు వంటచేసే బీ ఎంతిన్ కూర్చుంటుంది. బీ అంటే పిన్ని. యాభై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు చివరకు జార్చుకుని ఆడుతుంది. ఆమె ఎటుంటే అటు గెలుపని మాకో నమ్మకం. బాలా-బాలా అనే కూరగాయల బజ్జీలు అంత కరకరలాడేట్టు వేయించే చెయ్యి, హస్తవాసి ఎక్కడికి పోతుందని నవ్వుకునేవాళ్లం. జట్లు కట్టేటప్పుడు ఆమె మాకంటే మాకని కొట్టుకునేవాళ్లం కూడా.

మూడో శుక్రవారం వచ్చేసరికి నాకు ధైర్యం చాల్లేదు. మంత్రి చేతికి తుపాకీ ఇచ్చేశాను, అదీ మంచిది. ఎర్రమాట కొట్టేసి, కొత్తది తర్వాత రాస్తానని కాంగ్‌ను బతిమాలి ఒక వారం గడువు తెచ్చుకున్నాను. తొమ్మిదిమందిలో ఏడుగురు మంత్రినే ఎంచుకున్నారు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆట మాత్రం ఆటలా లేదు. అందరూ కాల్చేవాళ్లే, పడ్డవాడికి కట్టు కట్టే నాథుడు లేడు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరు? బీ ఎంతిన్ ఐదు నిమిషాలు ఆడి, పొయ్యిమీద కుండ ఉందంటూ లేచిపోయింది.

వెనకాలే వంటింట్లోకి వెళ్లాను. పొయ్యిమీద ఏమీ లేదు. ఊరికే బల్ల తుడుస్తోంది.

"ఏంటి బీ, మధ్యలో లేచొచ్చారు?"

"నాకు గురి కుదరదు జాంగ్," అంది. కాంగ్‌ను తప్ప మమ్మల్నందరినీ ఆమె పిలిచే పిలుపది, అబ్బాయీ అన్నట్టు. "ఇన్నాళ్లూ వాడికీ కాల్చడం రాదు, నాకూ రాదు, సరిపోయింది. ఇప్పుడు వాడూ తుపాకీ పట్టాడు. ఇంకక్కడ నాకేం పని?"

"ఇన్నాళ్లూ మీరు మంత్రినే తీసుకున్నారా?"

"మరి మీకు కట్లు ఎవరు కట్టారనుకున్నావు? నీకైతే వారానికి పదిసార్లు కట్టుంటాను. ఉన్నచోట ఉండవు కదా."

కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఆటలన్నీ తీశాను. పదో కుర్చీ అతిథిది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని, ఎవరేది ఎంచుకున్నారో లెక్కకట్టే కాగితంమీద రాసి ఉంది. రాసింది నేనే. నెలల తరబడి ఆమె మా కళ్లెదుటే కట్లు కడుతున్నా, ఆ రెండు వారాలూ కాగితం సున్నా అందని మేమూ సున్నా అనుకున్నాం. పన్నెండు శుక్రవారాల్లో పదకొండు ఆమె జట్టే గెలిచింది. హస్తవాసి అని నవ్వుకున్నది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

కాంగ్‌కు అంతా చెప్పి, తుపాకీ తీసేస్తానన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఏడుగురు మెచ్చినదాన్ని ఒక్క మనిషి కోసం పాడుచేస్తావా అని అడిగాడు. చివరికి ఒక మెలిక పెట్టాడు.

"చంపలేడు అంటే తుపాకీ లేదని, అంతే. అది వాడి గుణం కాదు. వాడెవడో చెప్పే ఎర్రమాట శుక్రవారానికి పట్రా. తేలేదా, తుపాకీ మంత్రే ఖాయం. మిగతావాళ్లని వాడికి తగ్గట్టు మార్చేద్దాం."

వారమంతా రాశాను, కొట్టేశాను. ఎత్తుకు ఎగరలేడు, బరువు మోయలేడు, నీళ్లలో ఈదలేడు. అన్నీ అతికించినట్టే ఉన్నాయి. శుక్రవారం ఖాళీ అట్టతోనే వచ్చి కూర్చున్నాను.

బీ ఎంతిన్ మా జట్టు, ఆ రోజుకు తుపాకీ తీసేసిన మంత్రిగా. నేను గోడను. ఎదుటి జట్టులో కాంగ్, గద్దగా. జెండాను వంతెన దాటిస్తే గెలుపు. చివరికి మావైపు మిగిలింది మేమిద్దరమే, జెండా ఆమె చేతిలో ఉంది. వంతెన అంచుకు పది అడుగులు కూడా లేదు. అప్పుడు వెనక నేను పడ్డాను. ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. వెళ్లిపోండి బీ అని నేను మొత్తుకుంటున్నా వచ్చి నా పక్కన కూర్చుని సంచీ విప్పింది. కట్టు సగం పడేలోపు కాంగ్ ఇద్దరినీ కొట్టేశాడు.

కాంగ్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"గెలిచేవారు కదా బీ. ఎందుకు తిరిగొచ్చారు?"

"వీడు పడిపోయాడు కదా కాంగ్."

"ఆటే కదా బీ."

"ఆటేలే. కళ్లముందు పడినవాణ్ణి వదిలేసి పోవడం నాకు చేతకాలేదు," అని కళ్లజోడు తీసి తలగుడ్డ అంచుతో తుడుచుకుంది.

కాంగ్ నావైపు చూశాడు. అప్పటికే నేను ఎర్ర కలం తీశాను. "పడినవాణ్ణి వదిలి పోలేడు" అని రాసి అట్ట ఆయనకిచ్చాను. ఆయన చదివి, తల ఊపి, పైన, పాత్ర ఖాయమయ్యాక కల్పించినవారి పేరు రాసే ఖాళీ చూపించాడు. అక్కడ నా పేరు రాద్దామని నాలుగు నెలలుగా ఎదురుచూశాను. ఎంతిన్ అని రాశాను. బాధేసింది, అబద్ధమెందుకు. కానీ వాణ్ణి ఎరిగినది ఆమే.