పసుపు రంగు గ్లౌజులు

జూలీకి ఎరుపంటే ప్రాణం. మగ్గం పని చేసే మనిషి కనుక రంగుల విషయంలో ఎవరి మాటా వినదు. బడంగ్‌పేట్ చుట్టుపక్కల పెళ్లి జాకెట్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఏ చీరకు ఏ దారమో ఆమె వేలు పెట్టి చూపిందంటే ఇక మారు మాట ఉండదు.

పుట్టుకతోనే ఆమెకు వినపడదు. మాటంతా చేతుల్లోనే. ఆ చేతుల మాటను లోకానికి చెప్పేది అక్క సునీల. దవాఖానలో, బ్యాంకులో, చర్చిలో, ఎక్కడైనా చెల్లెలి పక్కన ఆమె నిలబడాల్సిందే.

నీళ్ల అడుగున వినపడని ఇద్దరు తీరిగ్గా ముచ్చట్లు పెట్టుకుంటున్న వీడియో ఒకటి ఫోన్‌లో చూసినప్పటి నుంచి జూలీ డైవింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. చెవుల డాక్టర్ పరీక్ష చేసి పరవాలేదన్నాడు. శంషాబాద్‌లో డైవింగ్ నేర్పే నరేందర్ మాత్రం, "సైగలు ఎరుకున్నోళ్లు ఒకరు తోడుండాలె అక్కా. మీరు గూడ నేర్చుకోండ్రి," అన్నాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే సునీలకు నీళ్లంటే భయం. అయినా చెల్లెలి కోసం సరేనంది. సెలవు రోజుల్లో కొలనులో ఈత నేర్చుకుంది, తర్వాత వీపున సిలిండర్ మోయడం నేర్చుకుంది.

ఇక నీళ్లు నిండిన క్వారీలో దిగే రోజు వచ్చింది. నరేందర్ తన రేకుల షెడ్డులో గ్లౌజులు, ఈతకు కాళ్లకు తొడిగే ఫిన్సు బల్ల మీద పరిచాడు. పైనుంచి విమానం దిగుతుంటే రేకులు అదిరాయి. జూలీ చెయ్యి నేరుగా ఎర్ర గ్లౌజుల మీదికి వెళ్లింది.

"ఎరుపు ఈడనే మంచిగ కొడ్తది అక్కా. నీళ్లల్ల ముందుగాల పోయేదే ఎరుపు. జర లోతుకు పోతే బొగ్గు లెక్క అయితది. ఈ మెరిసే పసుపు తీస్కోమనుండ్రి," అన్నాడు నరేందర్.

సునీల ఆ మాట చేతులతో చెప్పింది. జూలీ కళ్లు పెద్దవి చేసింది. "నాకు రంగులు నేర్పుతున్నడా?" అని వేళ్లు విసిరింది.

"ఆలోచిస్తదంట అన్నా," అని సునీల సర్దేసింది.

తనకు మాత్రం నల్ల గ్లౌజులు తీసుకుంది. సూటూ నలుపే. నలభై దాటిన ఒళ్లు, ఎవరి కంటా పడకుండా ఉంటే చాలనుకుంది.

"సరే, ఎక్కువ లోతుకైతే పోం. మీ కండ్లే చెప్తయి," అని నవ్వాడు నరేందర్.

మామిడిపల్లి దగ్గరి పాత రాళ్ల క్వారీలో నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ముగ్గురూ తాడు పట్టుకుని మెల్లగా దిగారు. కాస్త దిగగానే జూలీ పట్టుబట్టి తొడుక్కున్న ఎర్ర గ్లౌజులు ఇటుక రంగుకు తిరిగాయి, ఇంకాస్త దిగాక మసిబారాయి. ఆమె అరచేతులు తిప్పి తిప్పి చూసుకోవడం చూసి సునీలకు నవ్వొచ్చింది.

అంతలో ఎడమ చెవిలో సూది గుచ్చినట్టయింది. నేర్పినట్టే ముక్కు పట్టి ఊదింది. తగ్గలేదు. "చెవి నొప్పి, ఆగండి," అని సైగ చేసింది. నల్ల సూటు ముందు నల్ల చేతులు. నరేందర్ కిందికి చూస్తున్నాడు. జూలీ తనవైపే చూస్తోంది కానీ ఏమీ అర్థమైనట్టు లేదు. జూలీ కూడా ఏదో అడిగింది. మసక నీళ్లలో ఏదో కదిలిందే తప్ప ఏమడిగిందో సునీలకు తెలియలేదు. పుట్టి బుద్ధెరిగాక చెల్లెలి మాట తనకు అందకపోవడం అదే మొదటిసారి. చెవి నొప్పి కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

తాడును మోచేత్తో బిగించి గ్లౌజు లాగేసింది. ఆ పచ్చటి నీళ్లలో ఉత్త చెయ్యి పాలిపోయి కనిపించింది. చెవి చూపించింది. జూలీ చటుక్కున నరేందర్ భుజం తట్టింది. ముగ్గురూ మెల్లగా పైకి జరిగారు. నొప్పి దిగిపోయింది. ఒడ్డు చేరేదాకా జూలీ అక్క మణికట్టు వదల్లేదు.

"తప్పు నాదే అక్కా, నల్ల గ్లౌజులతోని దింపకపోవాల్సింది," అని నరేందర్ నొచ్చుకున్నాడు.

జూలీ తడి చేతులతోనే చెప్పింది: "నువ్వు పిల్చినవ్. నాకు ఇనబడలే."

ఆ మాట సునీల నరేందర్‌కు చెప్పలేకపోయింది. తువ్వాలులో ముఖం దాచుకుంది.

అయినా జూలీ ఎవరి మాటో నమ్మి రంగు మార్చుకునే రకం కాదు. మళ్లీ వచ్చినప్పుడు తెల్లగుడ్డ మీద తన దారాలన్నీ వరసగా కుట్టి తెచ్చింది. దానికి రాయి కట్టి తాడు వెంట దించమంది. తానూ దిగి చూసింది. ఎరుపు బొగ్గయింది. మెరూన్ అంతకంటే ముందే పోయింది. నారింజ బురద రంగుకు దిగింది. మామూలు పసుపు నిలబడింది. అన్నిటినీ మించి, మెరిసే పసుపు దీపం పెట్టినట్టు వెలిగింది.

పైకొచ్చి ఇద్దరికీ ఆ రంగు గ్లౌజులే ఏరింది. సునీల సూటు కూడా మార్చబోతే ఆపింది. "నలుపు ఉండనియ్యి. దాని మీద చేతులు మంచిగ లేచి కనబడతయి," అంది.

ఈసారి సునీల మెల్లగా, అడుగడుగునా ఆగి చెవులు సరిచేసుకుంటూ దిగింది. క్వారీలో మెట్టులాంటి రాతి మీద ఇద్దరూ మోకాళ్లపై కూర్చున్నారు. పసుపు చేతులు స్పష్టంగా కదిలాయి.

"మొన్న భయమైందా?" అని సునీల అడిగింది.

"అయింది. నీ మొఖం జూసి." జూలీ మళ్లీ చేతులెత్తింది. "సొంతంగ దుకాణం పెడుతున్న. బోర్డు గూడ రాయిస్త. వచ్చినోళ్లతోని నేనే మాట్లాడుకుంట, నువ్వు పక్కన నిలబడకు."

సునీలకు మొదట గుండె కలుక్కుమంది. తర్వాత తేలికయింది. ఏ రంగు బోర్డని అడిగింది. ఎరుపేనంది జూలీ. సునీల నవ్వితే మాస్కులోకి నీళ్లొచ్చాయి. వాటిని ఊదేసుకునేసరికి నరేందర్ గాలి మీటరు చూపిస్తూ పైకి రమ్మన్నాడు. ఒక్క నిమిషం ఆగమని జూలీ వేలెత్తింది.

ఒడ్డెక్కాక అతను అడిగాడు: "ఏందక్కా, లోపల గంత ముచ్చట?"

అలవాటుగా చెప్పబోయి సునీల చెల్లెలి వైపు చూసింది. జూలీ తల అడ్డంగా ఊపింది.

"మాది మాకుంటది అన్నా," అని సునీల గ్లౌజులు పిండి రాతి మీద ఆరేసింది.