తూనీగ నీడకి వద్దట

పొద్దున్నే మైదానంలో కోచ్ హాజరు తీసుకునేది మనుషుల్ని చూసి కాదు, నీడల్ని చూసి. ముందురోజు తప్పతాగినవాళ్ల నీడ మధ్యాహ్నం దాకా మంచం దిగదు. మనిషే కాళ్లీడ్చుకుంటూ రావాలి. ఆ కాలేజీలో ఇది అందరికీ తెలిసిన సంగతే.

రిలే జట్టులో చివరి అంచె పరుగెత్తే అమ్మాయిని తూనీగ అంటారు. గెలిచినప్పుడల్లా కప్పు నిండా బీరు పోసి మిగతా ముగ్గురూ తలా గుక్కెడు తాగి అందిస్తారు. మిగిలిందంతా చివరి అంచెవాళ్లు ఖాళీ చెయ్యాలి, అదీ ఆనవాయితీ. కెప్టెన్ అక్కంటే తూనీగకి ప్రాణం. ఆమె చేత్తో ఇస్తే కాదనడం ఎలా? పైగా ఈ మధ్య గెలుపులు ఎక్కువయ్యాయి, పాపం.

మొన్న తూనీగ నీడ రాలేదు. కెప్టెన్ నీడ గట్టి పిండం, కప్పు అయ్యాక ఆమె విడిగా ఎంత తాగినా తూలుకుంటూ వచ్చేస్తుంది. "నా వెనకే అతుక్కుని నిలబడవే, సరిపోతుంది" అంది కెప్టెన్.

"ఏమ్మా, ఈ నీడకి నాలుగు కాళ్లేంటి?" అన్నాడు కోచ్. మైదానమంతా గొల్లుమంది. నవ్వులు ఆగాక ఆయన మెల్లగా అన్నాడు. "ఫైనల్ రోజు నీ నీడ రాకపోతే నీ బదులు ఇంకొకర్ని దింపుతాను."

ఆ పరుగు తప్ప తూనీగకి ఇంకేమీ అక్కర్లేదు.

సెమీఫైనల్ గెలిచారు. ఫైనల్ మర్నాడే. బట్టలు మార్చుకునే గదిలోకి సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతోంది. కప్పు చేతులు మారి వచ్చింది.

"పట్టవే. ఈ ఒక్కసారికి ఏం కాదు" అంది కెప్టెన్.

తూనీగ చెయ్యి చాపబోయింది. గోడ మీద నీడ చేతులు కట్టుకుని నిలబడింది. ఎంత లాగినా తూనీగ చెయ్యి పైకి లేవలేదు.

"ఓయ్, దీని నీడకి వద్దటే!" అని మిగతా ఇద్దరూ కిసుక్కున నవ్వారు.

"నాకూ వద్దక్కా" అంది తూనీగ. ఎన్నాళ్లుగానో గొంతులో ఉన్న మాట. బయటపడ్డాక ఎంత హాయిగా ఉందో!

కెప్టెన్ మొహం ఎర్రబడింది. "సరే, నీ వంతూ నేనే తాగుతా" అని కప్పెత్తింది. అప్పుడు ఆమె నీడ గోడ వెంట నడిచి వెళ్లి, తూనీగ నీడ భుజమ్మీద తల వాల్చేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అలిసిపోయిందక్కా అది" అంది తూనీగ.

కెప్టెన్ తన నీడ వైపు చూసింది. కళ్లు తుడుచుకుని కప్పు సింకులో బోర్లించింది.

"మరి రేపు గెలిస్తే ఏం చేద్దామే?"

"ముందు గెలుద్దామక్కా. తర్వాత ఆకలేస్తుందిగా, కడుపు పగిలేలా తిందాం."

కెప్టెన్ పకపకా నవ్వింది. గోడ మీద రెండు నీడలూ అప్పుడే వంగి కాళ్లు సాగదీసుకోవడం మొదలెట్టాయి.