కుడికాలి బరువు

తోక మేస్త్రీ రెండు చెక్కముక్కల మధ్య రేకును పట్టి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి ఎడమకు వంచాడు. పొలాల మీద మందు చల్లే విమానం తోకకు చుక్కాని ఉంటుంది, ఆ చుక్కాని అంచున అరచేయంత ఉండే రేకు అది. దాన్ని ఎడమకు వంచితే గాలి చుక్కానిని కుడికి నెడుతుంది. ముప్ఫయ్యొక్కేళ్లుగా ఆ షెడ్డులో ఆ రేకు వంచింది అతనే, అందుకే ఆ పేరు. కొలబద్ద వాడడు, బొటనవేలే కొలత. అన్నేళ్లలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఎందుకని అడిగితే, వండేవాడికి ఆకలుండదని నవ్వేసేవాడు.

ఇంజను ముక్కు మీది పంకాను కుడికి తిప్పుతుంటే, విమానం తాను ఎడమకు పోవాలని చూస్తుంది. బిట్టు ఇరుక్కున్న డ్రిల్లు మిషను మణికట్టును మెలిపెట్టినట్టే. నడిపేవాడు కుడికాలి పెడల్ తొక్కిపట్టి ఆ మొండితనాన్ని ఆపాలి. పైన ఎగురుతున్నంతసేపూ రేకు కొంత సాయం చేస్తుంది. నేలకు దగ్గరగా, వేగం తక్కువగా ఉన్నప్పుడు ఉన్నపళాన ఇంజను జోరు పెంచాల్సి వస్తే రేకు చాలదు, కాలే దిక్కు.

ఈ సంగతి మేస్త్రీ ఒంటికి పట్టేసింది. విమానం లేచిన ప్రతిసారీ నేలమీద నిలబడి తన కుడికాలితో మట్టిని నొక్కేవాడు. మేస్త్రీ కాలు తీస్తే విమానం పడిపోతుందని షెడ్డువాళ్లు ఆటపట్టించేవారు.

పైలట్ అతని చెల్లెలి మొగుడే. ఆ సంబంధం కుదిర్చిందీ మేస్త్రీయే. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. షెడ్డు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, గుడ్డబూట్లు తొడుక్కుని విమానం ఎక్కడం బావ అలవాటు. నాలుగు నెలల కిందట ఆ చెప్పులు మేస్త్రీ కంటపడ్డాయి. ఎడమది మడమ దగ్గర కాగితంలా అరిగిపోయింది. కుడిది కొన్నప్పటిలాగే ఉంది.

నిలదీస్తే బావ తలదించుకున్నాడు. నిచ్చెన మీంచి జారినప్పుడు కుడి మోకాలు దెబ్బతిన్నదట. బయటపడితే ఉద్యోగం పోతుంది, ఇద్దరు పిల్లలున్నారు, నయమయ్యేదాకా మూడో కంటికి తెలియనివ్వొద్దని చేతులు పట్టుకున్నాడు. చెల్లెలి మొహం గుర్తొచ్చి మేస్త్రీ సరేనన్నాడు. ఆ వారం నుంచి రేకును ఇంకాస్త, ఇంకాస్త వంచుతూ వచ్చాడు. బావ కాలు చేయాల్సిన పని తన బొటనవేలు చేస్తోందని లోలోపల గర్వపడ్డాడు కూడా.

నిన్న పాత ఇంజను తీసేసి, అంతకంటే బలమైనది బిగించారు.

"బావా, ఈ ఇంజను మాట వినే రకం కాదు. దిగేటప్పుడు ఏదైనా అడ్డమొచ్చి మళ్లీ లేపాల్సొస్తే నీ కాలు ఆగుతుందా?" అని మేస్త్రీ అడిగాడు.

"నీ రేకుంది కదా బావా," అన్నాడు పైలట్ చెప్పులు విప్పుతూ. నవ్వాడు గానీ, కుడి బూటు తొడిగేటప్పుడు పళ్లు బిగించాడు.

మేనేజరు కాగితం తెచ్చాడు. కొత్త ఇంజను బిగించాక మేస్త్రీ సంతకం లేనిదే విమానం లేవకూడదు. చెప్పాల్సింది ఏమైనా ఉందా అని అడిగాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం లేదండి," అన్నాడు మేస్త్రీ. సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

ఆ పొద్దున విమానం ఐదుసార్లు లేచి ఐదుసార్లు క్షేమంగా దిగింది. అనవసరంగా బెంగపడ్డానని మేస్త్రీ తేలికపడ్డాడు. మధ్యాహ్నం చెల్లెలు పంపిన క్యారేజీని ఇద్దరూ పంచుకుని తిన్నారు. సాయంత్రం ఇంటికి రమ్మని చెల్లెలు మరీమరీ చెప్పిందట. వస్తానన్నాడు మేస్త్రీ.

ఎనిమిదోసారి చక్రాలు నేలను తాకబోతుండగా, నీళ్ల ట్రాక్టరు అటూ ఇటూ చూడకుండా విమానం దిగే పట్టీకి అడ్డంగా వచ్చింది. ఇంజను ఒక్కసారిగా గర్జించింది. మేస్త్రీ కుడికాలు దానంతటదే మట్టిలో దిగబడింది. విమానం ముక్కు ఎడమకు తిరిగింది. నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినట్టు ఎడమ రెక్క మెల్లగా వాలింది.

"తొక్కు బావా," అన్నాడు మేస్త్రీ. ఆ మాట పక్కవాడికి కూడా వినిపించలేదు. రెక్క నేలను తాకింది.

బావను బయటికి తీసేసరికే ప్రాణం పోయింది. తప్పంతా ట్రాక్టరువాడిదేనని మేనేజరు అంటున్నాడు. మేస్త్రీ కాలు ఇంకా మట్టిలోంచి తీయలేదు.

"ఆయన మోకాలు పనిచెయ్యదండి. నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఇంటికి ఎవరు వెళ్లి చెప్తారని ఎవరో అడిగారు. అందరూ మేస్త్రీ వైపే చూశారు. ఆ ఇంటికి వెళ్లాల్సింది తనేనని అతనికీ తెలుసు. క్యారేజీ తీసుకోవడానికి షెడ్డుకు నడిచి, గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

చెప్పులు విప్పినచోటే ఉన్నాయి. అరిగిన ఎడమది నేలకు అతుక్కుని ఉంది, దాని పక్కన కుడిది కొత్తగా, మడమ నలగకుండా ఉంది.