హునిద్ పంచిన భూమి

మా చెల్లెలు హునిద్ భర్త గ్రోనో చలికాలం చివర్లో చనిపోయాడు. వాళ్లకు పిల్లలు లేరు. మా వేల్స్ ఆచారం ప్రకారం ఇల్లూ భూమీ అతని తమ్ముడు కిన్రిగ్‌కు చెందుతాయి. భార్యకు అందులో ఏమీ రాదు. మా ఇంటికి వచ్చెయ్యమన్నాను.

"నీ ఇంట్లో నాకు లోటుండదు అన్నయ్యా. కానీ ఇరవయ్యేళ్లు నేను రాజేసిన పొయ్యి అది. నన్నక్కడే ఉండనీ," అంది.

ఇంగ్లీషు రాజు మా దేశాన్ని గెలిచి తొమ్మిదేళ్లయింది. కోట కట్టి, దాని పక్కనే తనవాళ్లకో ఊరు కట్టించాడు. ఆ ఊరి కోసం ఏటి ఒడ్డున ఉన్న మా మంచి పొలాలు తీసుకుని, మమ్మల్ని రాళ్లలోకి తోలాడు. ఆ రాజు చట్టంలోనే, భర్త పోయిన స్త్రీకి భూమిలో మూడోవంతు అని ఉంది. హునిద్ కోటకు వెళ్లి అడిగింది. ఇచ్చారు. ఏ మూడోవంతో మీలో మీరు తేల్చుకోండన్నారు.

తిరిగొచ్చేసరికి కిన్రిగ్ ఆమెను గుమ్మంలోనే అందుకున్నాడు. "ఏం వదినా, మన పొలాలు మింగినవాళ్ల దగ్గరికే వెళ్లి చెయ్యి చాచావా?"

"నువ్వు పెడితే ఎందుకు వెళ్తానయ్యా?"

"సరేలే. భూమి నేను పంచుతాను."

"మన పద్ధతేమిటి? చిన్నవాళ్లు పంచాలి, పెద్దవాళ్లు ముందు ఏరుకోవాలి. హక్కులో నిన్న మొన్న వచ్చినదాన్ని, నేనే చిన్నదాన్ని. మూడు భాగాలు చేస్తాను. నీకు నచ్చిన రెండు తీసుకో."

"వాళ్ల చట్టమూ కావాలి, మన పద్ధతీ కావాలి! గడుసుదానివే," అని నవ్వి ఒప్పుకున్నాడు.

మర్నాడు నేనూ చెల్లెలూ కలిసి హద్దు మేకులు పాతాం. ఏటి పక్కన మాకు మిగిలిన కాస్త పచ్చిక ఒకటి. ఓట్స్ ధాన్యం పండే చేను ఒకటి. రాళ్ల వాలు, దాని మీది ఇల్లు కలిపి మూడోది.

"అతను ఇల్లే కావాలంటే?" అన్నాను.

"అనకు అన్నయ్యా. ఆ మేకు గట్టిగా కొట్టు."

కిన్రిగ్ సాయంత్రం వచ్చాడు. ముందు ఇంటి దగ్గరే ఆగి, గోడ తట్టి చూశాడు. "గట్టిదే. గొర్రెలకు బాగుంటుంది," అన్నాడు. హునిద్ తల ఎత్తకుండా కదురు తిప్పుతూనే ఉంది. దారం రెండుసార్లు తెగింది.

అతను కిందికి దిగి పచ్చికలో చాలాసేపు నిలబడ్డాడు. ఏటికి అవతల, ఒకప్పటి అతని సొంత చేలో, ఇంగ్లీషువాడి ఎడ్లు మేస్తున్నాయి. వంగి గుప్పెడు గడ్డి పీకి వాసన చూశాడు.

"ఇది నాకు. ఓట్స్ చేను కూడా. ఆ రాళ్లు నువ్వే ఏలుకో వదినా," అని కింది నుంచి కేకేశాడు.

హునిద్ కదురు పక్కన పెట్టింది. లోపలికెళ్లి నిప్పు ఎగదోసి, ఓట్స్ రొట్టెలు కాల్చి అతనికే ముందు పెట్టింది. అతను నాలుగు తిన్నాడు.

ఆదివారం చర్చిలో దేవుడికి దణ్ణం పెట్టాక పాదిరిగారిని అడిగాను, "ఆ రాజు కోసం కూడా ప్రార్థించాలా తండ్రీ? పొలం తీసుకున్నదీ ఆయనే, చెల్లెలికి ఇల్లు నిలబెట్టిందీ ఆయనే."

ఆయన అటూ ఇటూ చూశారు. "ప్రార్థించు. పైకి వినపడనివ్వకు," అన్నారు.

అలాగే చేశాను. పక్కన హునిద్ ఎందుకు గొణుగుతున్నావని మోచేత్తో పొడిచింది.