గమ్మునున్న పిల్లలు

కదిరమ్మ బాలవాడిలో పిల్లలు ఏడవరని చుట్టుపక్కల నాలుగూళ్లలో పేరు. ఆ మాట ఎవరన్నా అంటే చాలు, కదిరమ్మకు కడుపు నిండిపోయేది. తొమ్మిది మంది పిల్లలు, అందరూ నాలుగేళ్ల లోపువాళ్లే. తల్లులు పొద్దున్నే కరువు పనికి, కంకర కొట్టడానికి గుట్టకు పోతారు. మళ్లీ సాయంత్రం వచ్చి ఎత్తుకుపోయేదాకా ఆ తొమ్మిది మందికీ తల్లీ తండ్రీ కదిరమ్మే.

అది పందొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరం. వరుసగా రెండో ఏడు కూడా వాన మొహం చాటేసింది. బెళుగుప్పకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో హనుమంతప్ప అనే ఆసామి చెనిక్కాయలు నిలవచేసే కొట్టడి ఖాళీగా పడి ఉంటే, ఆయన దాన్ని బాలవాడికి ఇచ్చి దాత అనిపించుకున్నాడు. ఎలుకల్ని కూడా దానంలో కలిపే ఇచ్చాడు మహానుభావుడు.

సోమవారం నాడు గ్రామసేవిక ఖైరున్నీసా ఎండకు గొడుగు వేసుకుని వచ్చింది. వయసులో కదిరమ్మ కంటే ఇరవై ఏళ్లు చిన్నది. వచ్చీ రాగానే అసలు సంగతి చెప్పింది.

"కదిరమ్మక్కా, గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తాది. పోయిన నెల్లో ఆమె రెండు బాలవాడీలు చూసి ఒకటి మూసేపిచ్చింది."

ఈ కొట్టడికి తాళం పడితే తల్లులు పిల్లల్ని మళ్లీ గుట్టకు మోసుకుపోవాలి. రాళ్లు పెనంలా కాలే ఆ ఎండలో చంటిబిడ్డల్ని పడుకోబెట్టాలి, లేదా పని మానుకుని ఇంట్లో పస్తుండాలి. ఇక కదిరమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొగుడు పోయి పన్నెండేళ్లు. బిడ్డలు లేరు. ఊళ్లో ఆమెకంటూ ఉన్నది ఈ పనీ, ఈ పేరూ.

"ఏం చేయమంటావమ్మా ఇప్పుడు? గోడలకు సున్నం పూయల్నా?"

"సున్నం చూసి మోసపోయే మనిషి కాదామె. ఆమె చూసేదానికి ముందు నువ్వే చూసుకోవల్ల. నేను రెండే చెప్తాండా. ఒకటి, మోకాళ్ల మీద నడుస్తా ఈ కొట్టడంతా తిరుగు. బిడ్డ ఎత్తున నీ కండ్లుండల్ల. రెండోది, సాయంత్రం పిల్లోళ్లు పోతూనే వాళ్ల గ్లాసులు ముందర పెట్టుకుని కూచో. ఒక్కో గ్లాసు చేతికి తీసుకుని, ఆ బిడ్డ ఈ పొద్దు ఏం తిన్నాడు, ఎందుకు నవ్వినాడు, ఎందుకు ఏడ్చినాడు, చెప్పుకో. చెప్పగలిగితే గ్లాసు బోర్లించు. ఏ గ్లాసు కాడ నీ నోరు ఆగిపోతాదో, ఆ బిడ్డ కాడ నీ తప్పు ఉండాది."

మొదటిది చేసేటప్పుడు కదిరమ్మకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని సాకుతున్న మనిషి, చీర ఎగదోపుకుని పాకుతుంటే ఎవరు నవ్వరు? కానీ గడప దాటగానే నవ్వు ఆగిపోయింది. తలుపు గొళ్లెం కింద తుప్పు పట్టిన ఇనుప ముక్క ఒకటి సరిగ్గా ఆమె కంటికి ఎదురుగా నిలిచింది. నిలబడి చూసినన్నాళ్లూ అది కనబడనే లేదు. గూట్లో తాను దాచుకునే వక్కాకు సున్నం డబ్బా పిల్లల చేతికి అందే ఎత్తులోనే ఉంది. ఇనుప ముక్కను రాయితో కొట్టి వంచేసింది. డబ్బాను పైకి మార్చింది. ఇంతేకదా, గురువారం రానీ, అనుకుంది.

సాయంత్రం గ్లాసులు పెట్టుకుని కూర్చుంది. మారెమ్మ కూతురు నాలుగు నెలల పసిది. పాలపొడి కలిపి ఉగ్గుగిన్నెతో పడితే సగం కక్కింది, తర్వాత తన వేలు పట్టుకుని వదల్లేదు. గ్లాసు బోర్లించింది. ఓబులమ్మ కొడుకు తిప్పన్న బల్లిని చూసి ఏడ్చాడు. బోర్లించింది. ఎనిమిది గ్లాసులు అట్లా టకటకా బోర్లిస్తుంటే కదిరమ్మకు తన మీద తనకే ముచ్చటేసింది.

తొమ్మిదోది నల్లమ్మ కొడుకు ఎర్రిస్వామిది. రెండేళ్లవాడు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

వాడేం తిన్నాడు? గుర్తు లేదు. నవ్వాడా? ఏడ్చాడా? నిన్న? మొన్న? పొద్దున నల్లమ్మ వాణ్ని తెచ్చి మూల చాప మీద పడుకోబెడుతుంది. సాయంత్రం ఎత్తుకుపోతుంది. మధ్యలో వాడు ఉన్నట్టే ఉండదు. బంగారం లాంటి బిడ్డ, ఊపిరి చప్పుడు కూడా వినబడదు, అని తనే పదిమందికి చెప్పుకుంది. సగం మూసిన వాడి కళ్లు గుర్తొచ్చాయి. ఆ కళ్లల్లో నల్లపాప సూదిమొనంత.

ఆమెకు తెలీదా అంటే తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు ఉండటంలో ఎంత హాయి ఉందో ఆ హాయిలోనే ఇన్నాళ్లు గడిపేసింది.

బాలవాడి రాకముందు కదిరమ్మ గుట్ట కింద గడ్డి చప్పరం వేసుకుని, తల్లికి దోసెడు జొన్నల లెక్కన పిల్లల్ని చూసుకునేది. అప్పుడు అందరికీ ఆవగింజంత నల్లమందు వేలికి రాసి నాలుక్కి పూసేది. ఆమె తల్లీ ఆమెకట్లాగే పూసింది. ఊరంతా అంతే. ఇళ్ల దగ్గర కూడా పూయమని కొత్త తల్లులకు చెప్పిందీ ఆమే. తర్వాత బాలవాడి కోసం పదిహేను రోజులు శిక్షణకు పంపితే, అక్కడొక డాక్టరమ్మ ఆ మందు సంగతి చెప్పింది. మందు తిన్న బిడ్డ కంటిపాప సూదిమొనంత అవుతుందని, అట్లా పడుకున్న బిడ్డల్లో కొందరు లేవరని చెప్పింది. కదిరమ్మ తిరిగొచ్చి తన చేత్తో పూయడం మానేసింది. తల్లులకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే, ఇన్నాళ్లూ నువ్వు పెట్టిందేమిటే అని అడుగుతారు. భయపడింది, అంతే.

లేచి నేరుగా నల్లమ్మ ఇంటికి పోయింది. నల్లమ్మ వాకిట్లో సంగటి కెలుకుతోంది.

"మేయ్ నల్లమ్మా, పిల్లోడికి మందు పెడతాండావా?"

నల్లమ్మ తలెత్తి వింతగా చూసింది. "పెట్టకుంటే ఎట్లక్కా? నువ్వే కదా చెప్పినావు, నెలల పిల్లోడప్పుడు. వాడు గమ్మునుంటే నీకూ సులువే కదా."

"అది బిడ్డను తినేస్తాదే. ఈ పొద్దు నుంచి సగం చేయి. రేపు దాంట్లో సగం. ఎల్లుండి వద్దే వద్దు."

"గురువారం ఎవురో వస్తారంట కదక్కా. మానిపిస్తే వీడు ఊరు లేపుతాడు. అది అయిపోనీ, ఆ మీద చూద్దాం."

ఆ మాట కదిరమ్మ మనసులోనూ తిరుగుతూనే ఉంది. మూడంటే మూడు రోజులు. మూల చాప మీద బుద్ధిమంతుడిలా నిద్రపోతుంటే ఇన్‌స్పెక్టరమ్మ చూసి పోతుంది. ఎవరికి తెలుస్తుంది?

"వద్దు," అంది. "ఈ పొద్దే."

మంగళవారం ఎర్రిస్వామి ఆవులిస్తూ ముక్కు కారుస్తూ సణిగాడు. బుధవారానికి వాడి గొంతు లేచింది. ఆ గొంతుకు కొట్టడి దూలాలు అదిరాయి. విరేచనాలు పట్టుకున్నాయి. ఎత్తుకుంటే గుద్దాడు, దించితే పొర్లాడు. వాణ్ని చూసి మిగతావాళ్లు అందుకున్నారు. కదిరమ్మ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. సాయంత్రం తల్లులు వచ్చేసరికి ఆమె జుట్టు విడిపోయి, చీరంతా తడిసి, గడపలో కూలబడి ఉంది. వాళ్లు ఆమెనూ, ఏడుస్తున్న పిల్లల్నీ మార్చి మార్చి చూసి, పిల్లల్ని ఎత్తుకుపోయారు. దారిలో నల్లమ్మను చుట్టుముట్టి ఏదో మాట్లాడుకుంటూ పోవడం కదిరమ్మ చూసింది. తనను తిట్టుకుంటున్నారనుకుంది.

గురువారం పొద్దున అందరికంటే ముందు నల్లమ్మ వచ్చింది. ఎర్రిస్వామి ఏడుస్తూనే ఉన్నాడు, కానీ కళ్లు తెరిచి ఏడుస్తున్నాడు. తర్వాత ఓబులమ్మ తిప్పన్నను భుజం మీద వేసుకొచ్చి చాప మీద పడుకోబెట్టింది. నిద్రపోతున్నాడు. ఆ వెనకాల వచ్చిన బిడ్డా నిద్రే. ఆ తర్వాతి బిడ్డా నిద్రే. ఒకరి తర్వాత ఒకరు బిడ్డల్ని దించి, పనికి ఆలస్యమవుతుందని గబగబా పోతున్నారు. మారెమ్మ చంటిదాన్ని ఊయలలో వేసి వెళ్లిపోయింది.

అందరినీ దించి తల్లులు పోయాక, ఆ నిద్రలు చూసి కదిరమ్మకు అనుమానం వచ్చింది. తిప్పన్న రెప్ప పైకెత్తి చూసింది. సూదిమొన. వీధిలోకి పరుగెత్తింది. మారెమ్మ కోసం మలుపు దగ్గర ఆగిన ఓబులమ్మ వెనక్కి తిరిగి నవ్వుతూ కేకేసింది.

"భయపడాకు కదిరమ్మక్కా. నీ పని పోనిస్తామా మేము? ఎర్రిసామికి పెట్టాకని నువ్వు చెప్పినావంట, సరే. మిగిలినోళ్లకందరికీ పెట్టినాము. ఇంత ఎక్కువే పెట్టినాము. ఈ పొద్దు ఎవురూ నోరెత్తరు."

కదిరమ్మ తేరుకునేలోపు ఓబులమ్మ మలుపు తిరిగిపోయింది. గుట్ట మూడు మైళ్లు. వెంటపడదామంటే లోపల తొమ్మిది మంది బిడ్డలు. ఎదురుగా బెళుగుప్ప దారిన జీపు దుమ్ము లేస్తూ కనబడింది.

ఇన్‌స్పెక్టరమ్మ సన్నగా, పొడుగ్గా, కళ్లద్దాలతో ఉంది. వెంట ఖైరున్నీసా. గడపలో నిలబడి లోపలికి చూసింది. ఊడ్చిన నేల, వరసగా బోర్లించిన గ్లాసులు, చాపల మీద హాయిగా నిద్రపోతున్న పిల్లలు. కదిరమ్మ చంకలో ఎర్రిస్వామి ఒక్కడే గొంతు చించుకుంటున్నాడు.

"చాలా బాగుంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఇంత క్రమశిక్షణ నేను ఏ బాలవాడిలోనూ చూడలేదు. ఈ ఒక్కడికే ఏమయింది?"

ఖైరున్నీసా ముఖం వెలిగిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ సంచీలోంచి పుస్తకం తీసి, పెన్ను మూత విప్పింది. పళ్లొస్తున్నాయమ్మా అంటే సరిపోతుంది. ఆ ఒక్క మాటతో జీపు వెనక్కి పోతుంది, కొట్టడి నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

కదిరమ్మ చూపు ఊయల మీద పడింది. మారెమ్మ బిడ్డ పెదాలు నేరేడు రంగుకు తిరిగాయి. ఊపిరి ఒకసారి తీసుకుంది. కదిరమ్మ రెండోదాని కోసం చూసింది. అది ఎంతకీ రాలేదు. వచ్చింది, చాలా ఆలస్యంగా.

"అమ్మా, ఈ పొద్దు ఈడ బాగుండేది వీడొక్కడే," అంది కదిరమ్మ. "తక్కినోళ్లు నిద్దరపోతాండ్లేదు. నల్లమందు మింగినారు. మింగిపించేది వాళ్లమ్మలకు నేర్పిచ్చింది నేనే. వద్దని చెప్పకుండా నోరు మూసుకునిందీ నేనే. రాసేది ఆ మీద రాసుకో తల్లీ. ముందు జీపియ్యి, ఈ బిడ్డ పోయేట్టుండాది."

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం ఎక్కడ పడేసిందో ఆమెకే తెలీదు. ఊయలలోంచి బిడ్డను లాగి, ఖైరున్నీసా చేతుల్లో పెట్టి, ఆస్పత్రికి పొమ్మని జీపులోకి తోసింది. "అరికాళ్లు తడుతూనే ఉండు, నిద్రపోనివ్వకు," అని దుమ్ములోకి అరిచింది. తర్వాత చెప్పులు విడిచి, లోపలికొచ్చి, నేల మీద కూర్చుని తిప్పన్నను ఒళ్లోకి లాక్కుంది.

ఇద్దరూ ఏడుగురు పిల్లలతో పెనుగులాడారు. తడిగుడ్డతో ముఖాలు తుడిచారు. చంకల కింద చేతులేసి నడిపించారు. కాళ్లు తోటకూర కాడల్లా వేలాడుతుంటే మళ్లీ నిలబెట్టారు. ఇన్‌స్పెక్టరమ్మ తన ఫ్లాస్కులోని కాఫీని చుక్క చుక్కగా పెదాల మీద పోసింది. ఆ మూలన ఎర్రిస్వామి ఏడుపు ఆపి, వీళ్లకేం పిచ్చి పట్టిందన్నట్టు నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాడు. మొదట తిప్పన్న మూలిగాడు. తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపు విని కదిరమ్మ తనూ ఏడ్చేసింది. ఒక్కొక్కరే అందుకున్నారు. మధ్యాహ్నానికి ఏడుగురూ ఏడుస్తున్నారు. అయినా ఇద్దరి చెవులూ దారి మీదే ఉన్నాయి.

మూడు గంటలకు జీపు వచ్చింది. దాని చప్పుడు కంటే ముందు సన్నని గొంతు ఒకటి వినబడింది. మారెమ్మ బిడ్డ ఆకలికి ఏడుస్తోంది. కదిరమ్మ పరుగున పోయి ఖైరున్నీసా చేతుల్లోంచి బిడ్డను అందుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకం వెతికి తీసుకుని చాలాసేపు రాసింది. రాసి, పెన్ను మూసి చెప్పింది.

"బాలవాడి ఉంటుంది. ఖైరున్నీసా నడుపుతుంది. నిన్ను మాత్రం ఉంచలేను కదిరమ్మా. నువ్వు చెప్పకపోతే ఆ బిడ్డ లేదు, అదీ రాశాను. నువ్వే నేర్పావని కూడా రాశాను. రెండూ రాయాలి కదా."

"రెండూ నిజమేనమ్మా," అంది కదిరమ్మ.

జీపు వెళ్లిపోయింది. పొద్దు వాలుతుండగా తల్లులు గుట్ట నుంచి దిగి వచ్చారు. కంకర దుమ్ము తెల్లగా పట్టిన ముఖాలు, ఆ ముఖాల నిండా నవ్వులు. లోపలి నుంచి తొమ్మిది గొంతులూ ఒక్కసారి వినబడేసరికి గడప దగ్గర ఆగిపోయారు. అందరికంటే ముందున్న ఓబులమ్మ మెల్లగా అడిగింది.

"ఏమయిందక్కా? ఆమె వచ్చినప్పుడు గమ్మునున్నారు కదా?"

కదిరమ్మ ఒళ్లో మారెమ్మ బిడ్డ ఉంది. దాన్ని తల్లి చేతికి ఇచ్చింది.

"ఉన్నారే. మీరు పెట్టినట్టే గమ్మునున్నారు," అంది. "కూచోండి అందరూ. ఏడాది కిందటే మీకు చెప్పాల్సింది ఒకటుండాది. చెప్పినాక నన్ను తిట్టల్లనుకుంటే తిట్టండి."