పంపుగది గోడమీద చందమామలు

మూడేళ్ళుగా అదే తంతు. కెనడాలో నోవా స్కోషియా తీరంలోని ఆ పరిశోధనాలయంలో నదీన్ సురెట్ పెంచే లాబ్‌స్టర్ రొయ్యల పిల్లలు పదిహేను రోజులకోసారి గుంపుగా చచ్చిపోతున్నాయి. మేత మార్చారు, తొట్లు మార్చారు. ప్రతి సోమవారం మేడమీద పెద్ద చదువులవాళ్ళంతా కాఫీ తాగుతూ బుర్రలు బద్దలు కొట్టుకునేవారు. కింద పంపుగదిలో సముద్రపు నీళ్ళు తోడి పైకి పంపే ఎల్ఫెజ్ కోమోను మాత్రం ఒక్కరూ పిలవలేదు. ఏడో తరగతిలో బడి మానేసినవాడితో వాళ్ళకేం పని?

శుక్రవారంలోగా కారణం తేలకపోతే తొట్లు ఎండగట్టేయమని ఉత్తర్వు వచ్చింది. తొట్లు ఎండితే ఎల్ఫెజ్ కూడా ఇంటికే.

బుధవారం ఉదయం నదీన్ మొదటిసారి మెట్లు దిగింది.

"దారి తప్పావా డాక్టరమ్మా? కాఫీ పైనే ఉంటుంది."

ఆమె నవ్వలేదు. గోడనిండా సుద్దతో గీసిన చందమామల్నీ, వాటి పక్కన తేదీల్నీ చూస్తోంది. "ఇవేంటి ఎల్ఫెజ్ గారూ?"

"అమావాస్యకీ పున్నమికీ సముద్రం బాగా వెనక్కి పోద్దిగా. దగ్గరి గొట్టం నోరు బయటపడి గాలి మింగుద్ది. ఆ మూడ్రోజులూ లోతు గొట్టం తిప్పుతా. తిప్పినప్పుడల్లా ఓ చందమామ. మా నాన్న పడవమీద ఇట్టాగే గీసేవాడు. నీ పిల్లలకి ఒక్క పూటైనా నీళ్ళాగాయా?"

"ఆ లోతు గొట్టం ఎప్పటిది?"

"ఈ చోటు చేపల కంపెనీగా ఉన్నప్పటిది. అసలైన రాగి. ఇప్పుడట్టాంటి సరుకేది?"

నదీన్ బాల్చీ బోర్లించి కూలబడింది. "రాగా! నీళ్ళలో కాస్త కలిసినా చాలు, చచ్చిపోతాయి."

ఎల్ఫెజ్ గోడకేసి తిరిగాడు. ఇన్నాళ్ళూ తన పనితనమని మురిసింది దీనికేనా? "నన్నొక్కమాట అడిగి ఏడవొచ్చుగా!" అని అరిచాడు.

"మీరొక్కమాట చెప్పి ఏడవొచ్చుగా!"

ఆమె ఫోన్ తీసి చావుల తేదీలు ఒక్కొక్కటే చదివింది. అతను గోడమీద వేలు పెట్టుకుంటూ పోయాడు. ఒక్కటీ తప్పలేదు.

శుక్రవారం ఆ గోడ ఫోటోయే పైకి వెళ్ళింది. ఉత్తర్వు వెనక్కి పోయింది. ఎల్ఫెజ్ దగ్గరుండి రాగి గొట్టం తీయించి ప్లాస్టిక్‌ది వేయించాడు.

పున్నమికి గొట్టం తిప్పాడు. పిల్లలన్నీ బతికే ఉన్నాయి.

ఆ సోమవారం కాఫీ పంపుగదికి దిగింది. పెద్ద చదువులవాళ్ళు బాల్చీలమీద సర్దుకున్నారు.

"ఇదేం కాఫీ? గొట్టం కడిగిన నీళ్ళలా ఉంది," అన్నాడు ఎల్ఫెజ్.

"అయితే వచ్చేవారం మీరే పెట్టండి," అంది నదీన్.

సరేనని, పున్నమి గుర్తు కోసం సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. ఆమె చందమామను సొట్టగా గీసింది. చెరిపేసి మళ్ళీ గీయమన్నాడు.